చెలిమె నీళ్లు మంచివన్నది నేనే

పోయిన నెల శామీర్‌పేట అవతల ఒక పెండ్లికి పోయి వస్తున్న. వాగు మీది బ్రిడ్జి కాడ బండ్లన్ని ఆగినయి. నేనెక్కిన ఆటో ఆయన జేబుల కెల్లి దస్తీ తీసి ముక్కుకు కట్టుకొని, "ఛీ, ఏం మోరీ అమ్మా ఇది, ఊపిరాడుతలేదు" అన్నడు.

నాకెందుకో చుర్రుమన్నది. "మోరీ అని ఎవరు చెప్పిండ్రు నీకు? వాగిది" అన్న.

"వాగా? నేనీడికొచ్చి ఐదేండ్లాయె. ఒక్కనాడు గూడ మంచినీళ్లు సూడలే. మోరీనే."

"నువ్వు ఐదేండ్ల కింద వచ్చినవ్. అది నువ్వు పుట్టకముందు నుంచి ఉన్నది. నోటికొచ్చినట్టు అనకు."

ఆయన అద్దంలకెల్లి నన్ను ఒక తీరుగ చూసిండు. పెండ్లి తిండికి పెద్దమ్మకు పైత్యం లేసింది అనుకున్నట్టుండు, దస్తీ ఇంకింత బిగిచ్చుకున్నడు. నేను గూడ మూతి ముడుచుకొని కూసున్న. వాగు నా అయ్య జాగీరా? దాన్ని ఎవలన్న ఒక్క మాటంటే మీదికి పోయేది ఒక్కతే ఉండె. ఆమె పోయి ఆరేండ్లయితాంది. ఆమె కోపం నాకెట్ల అంటుకున్నదో సమజ్ కాలే.

ఆమె పేరు రాయను. రాసినా ఊర్ల సగంమందికి తెల్వదు, అందరు చెలిమవ్వ అనేటోళ్లు. చెలిమె అంటే ఎండిన వాగుల ఇసుక తోడితే నీళ్లూరే గుంత. ఎండకాలమంతా ఆమె పని అదే. పొద్దుగాల చెలిమె తోడుడు, అడిగినోళ్లకల్ల నీళ్లు పోసుడు.

తొంభైల మొదట్ల నాకు ఆ ఊరి హైస్కూల్ల సైన్సు టీచరుగ పోస్టింగొచ్చింది. శామీర్‌పేటల బస్సు దిగి లోపలికి గంట నడక. బడి వెనకనే వాగు. వానకాలం పారుతది, దసరా దాటినంక సన్నగయితది, శివరాత్రికి వట్టి ఇసుక. ఊరి బోరింగు నీళ్లు ఉప్పు కషాయం. వాటితోని పప్పు పొయ్యి మీద పెడితే నేను బడికి పోయి మధ్యాహ్నం వచ్చినా గింజ గింజే ఉండేది. కొత్తగ పెండ్లయినదాన్ని, ఒక్క గది కిరాయికి తీసుకున్న, మొగడు సూరారంల కంపెనీ నౌకరి చేసుకుంట వారానికి రెండు దినాలు వచ్చేటోడు. వచ్చిన రెండు దినాలు గూడ ఉడకని పప్పే పెట్టిన. నాకు ఏడుపొచ్చేది. పక్కింటామె చూసి, "ఓ టీచరమ్మా, పిచ్చిదానివా? చెలిమవ్వ కాడికి పో. ఆ నీళ్లల్ల పప్పు ఇట్ల పొంగి అట్ల మెత్తగైతది" అన్నది.

బిందె సంకల పెట్టుకొని వాగుల దిగిన్నో లేదో, "ఆగాడనే!" అని ఒక్క కేక. సన్నటి మనిషి. చీర మోకాళ్ల మీదికి చెక్కుకొని, మోచేతుల దాక ఇసుకతోని, గుంత పక్కన గొంతుక్కూసున్నది. "చెప్పులిడిసి రా. ఎవలింట్లనన్న వంటకాడికి చెప్పులేసుకోని పోతవా?"

నేను చెప్పులు ఒడ్డున విడిసిన. ఎండకు ఇసుక మసిలిపోతున్నది. ఎగురుకుంట ఉరికిన. ఆమె పకపక నవ్వింది. "సర్కారు జీతం దీసుకునే కాళ్లు, గట్లనే గాల్తయి" అన్నది.

చెలిమె తోడుడంటే గుంత తవ్వుడే గదా అనుకునేదాన్ని. కాదు. ముందు ఆమె ఉత్త కాళ్లతోని వాగులపొంటి మెల్లగ నడిచేది. నడుసుకుంట నడుసుకుంట ఒక తాన ఆగి, "ఈడున్నయి" అనేది. ఎట్ల తెలుస్తది అవ్వా అంటే, "అరికాలికి సల్లగ తగుల్తది, నీకు తగలదు, నువ్వు చెప్పుల మనిషివి" అనేది. పార ముట్టేది కాదు. పార పెడితే నీళ్లు బెదురుతయట. చేతులతోనే తోడేది. మొదలు ఊరిన నీళ్లు చల్లేసేది. రెండోసారి ఊరినయి గూడ చల్లేసేది. మూడోసారి ఊరినయి దోసిట్ల తీసి, ఒక్క గుక్క నోట్ల పోసుకొని, వాగు పై దిక్కుకు తిరిగి ఊంచేది. అటెనక జరసేపు ఊకె కూసునేది. నేనొకసారి బడికి ఆలస్యమైతున్నదని సొరకాయ బుర్ర తీసుకొని ముంచవోతే చెయ్యి మీద ఒక్కటి ఏసింది. "ఊరనియ్యాలె. గుంజుకుంటే ఎవలిస్తరు?"

మనుషుల చెలిమెకు కింది దిక్కు కుక్కలకు, కాకులకు ఇంకో చిన్న చెలిమె తోడేది. ఒకనాడు ఒక ఊరకుక్క వచ్చి మనుషుల దాంట్లనే మూతి పెట్టింది. నేను రాయి తీసిన. "దాన్నెందుకు కొడ్తవే? బోర్డు రాసిపెట్టినమా?" అని నన్నే తిట్టి, ఆ చెలిమె పూడ్చి, ఇంకో తాన మొదటికెల్లి తోడింది. దానికి మళ్ల గంట పట్టింది. ఆ దినం నా మొదటి పీరియడు మునిగింది.

నీళ్లకు ఎవలన్న ఏమన్న ఇయ్యవోతే తీసుకునేది కాదు. "నేను పుట్టించిన్నా?" అనేది. చాయ పోస్తే తాగేది, తంబాకు పెడితే కొంగుకు ముడేసుకునేది, అంతే. ఇంకోటి, నీళ్లు లేవు అన్న మాట ఆమె నోట నేనెన్నడు వినలే. నడి ఎండకాలం ఎంత తోడినా ఊరకపోతే, "ఇయ్యాల అలిగినయి. రేపు రా" అనేది. మళ్ల దినం నిజంగనే ఊరేటియి. ఎట్ల ఊరేటియో నేను సైన్సు టీచరునై ఉండి గూడ చెప్పలేను.

ఊర్ల ఎవరింట్ల కాన్పయినా పొద్దుగాల మొదటి బిందె ఆ బాలింతకే. ఇరవై ఒక్క దినాలు. సర్పంచ్ ఇంటోళ్లు వచ్చి నిలవడ్డా సరే, బాలింతకు పోసినంకనే. నాకు తల్లి లేదు. మేడ్చల్ దవాఖానల కాన్పయి, మూడోనాడు బిడ్డను పట్టుకొని ఆ కిరాయి గదికే వచ్చిన. పొద్దున తలుపు తీస్తే బిందె ఎత్తుకొని నిలవడ్డది. లోపలికొచ్చి బిడ్డ దిక్కు గూడ చూడలే, ముందు నా మొకం చూసింది. "తాగు. నువ్వు తాగితేనే అది తాగుతది" అన్నది. ఆ ఇరవై ఒక్క దినాలు నన్ను కన్నతల్లోలె చూసుకున్నది. ఈ మాట చెప్పకుంట మిగిలింది చెప్తే నాకే మర్యాద కాదు.

నా బిడ్డ నడక నేర్చేటాళ్లకు వాగుకు పై దిక్కున కంపెనీలు లేసినయి. ఏం చేస్తరో ఎవలకు తెల్వదు. మందులు అన్నరు, రంగులు అన్నరు. మొదటి ఏడు ఏం తెల్వలే. రెండో ఏడు మొదటి వానకు వాగు తెల్లటి నురుగు కట్టుకొని వచ్చింది. పిల్లలు మస్తు ఖుషీగ ఆ నురుగుల ఎగిరిండ్రు, మాపటికి కాళ్లు గోక్కుంట కూసున్నరు. చేపలు కడుపులు పైకేసి తేలినయి. బర్రెలు వాగుల దిగుడు బంద్ చేసినయి. బట్టలుతికేటోళ్లు కుంట కాడికి మారిండ్రు. ఇగ వాసన సంగతి చెప్పరాదు, బడి కిటికీలు మూసుకొని పాఠం చెప్పేదాన్ని.

చెలిమవ్వ మాత్రం చెలిమె ఇడవలే. నడి వాగులకెల్లి ఒడ్డు దిక్కు జరిగింది. మోచెయ్యి లోతు తోడేది భుజం లోతు తోడింది. మూడోసారి ఊరినయి కాదు, ఐదోసారి ఊరినయి తీసింది. "ఇసుక వడగడ్తది బిడ్డా. పైన ఎంత రోత వోసినా కింద తేటనే ఇస్తది" అనేది. నిజంగనే తేటగుండేటియి, నేను కండ్లార చూసిన. ఇంకో సంగతి చెప్పాలె. ఆరో తరగతిల ఇసుక వడపోత పాఠం ఉండేది. కుండ మీద కుండ, నడుమ ఇసుక, బొగ్గు. ఏటేటా బోర్డు మీద ఆ బొమ్మ గీసి పిల్లలతోని గీయించింది నేనే. అవ్వ చెప్పేది, నా పుస్తకం చెప్పేది ఒక్క తీరుగనే ఉండె. నేనేం అనాలె?

ఊరోళ్లకు అనుమానం మొదలైంది. చాయ హోటలాయన బంద్ చేసిండు. బాలింత ఉన్న ఒక ఇంట్ల, "వద్దవ్వా, బోరింగియి కాగవెట్టి ఇస్తున్నం" అని బిందె గడప లోపలికి రానియ్యలే. ఆ దినం పగటాల్ల బడికొచ్చింది. నేను పదో తరగతిల ఉన్న. గడపల నిలవడి కొంగు చాటుకెల్లి ఒక సీస తీసింది.

"టీచరమ్మా, నీ కాడ నీళ్ల గుణం జెప్పే కాయితాలున్నయట గద. జెర సూడు బిడ్డా."

నాకు నవ్వొచ్చింది. పిల్లలు గూడ లేసి నిలవడ్డరు. సరే అని బల్ల మీద గ్లాసుల పోసి నీలి లిట్మస్ ముంచిన. నీలిగనే ఉండె. ఎర్రది ముంచిన. ఎర్రగనే ఉండె. చెలిమవ్వ బల్ల మీదికి వంగి చూస్తున్నది. రంగు మారితేనే చెడ్డది అని పిల్లలు ఆమెకు ముందే చెప్పినట్టున్నరు.

"ఏమంటుంది బిడ్డా?"

లిట్మస్ ఏం చెప్తది? ఆమ్లమా, క్షారమా, అంతే. విషమున్నదా లేదా దానికేం తెలుస్తది? నాకు తెలుసు. ఆ నిమిషంల గూడ తెలుసు. కానీ ఇంకో పది నిమిషాలల్ల బెల్లు కొడ్తది, పాఠం సగంల ఉన్నది, ఆమె మొకం అట్లున్నది. ఏ దాని మీద తోసెయ్యను? "మంచిగనే ఉన్నయి అవ్వా" అన్న.

ఆమె నా రెండు చేతులు పట్టుకొని కండ్లకద్దుకున్నది. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.

మాపటికల్ల ఊరంత తెలిసింది. "టీచరమ్మ కాయితం వెట్టి సూసింది" అని ఇల్లిల్లు తిరిగి చెప్పిందట. హోటలాయన మళ్ల నీళ్లు పోయించుకున్నడు. బిందెను గడపల ఆపినోళ్లు పిలిచి మరీ తీసుకున్నరు. నేను ఒక్కమాట చెప్పి ఆపొచ్చు. చెప్పలే. నిజం చెప్పాలంటే, బజారుల నడుస్తుంటే మా టీచరమ్మ అని జనం చూస్తుంటే లోపల కొంచెం గర్వమే అనిపించింది. థూ నా బతుకు.

అట్ల ఇంకో రెండేండ్లు నడిచింది. చెలిమవ్వకు ఒక్కతే మనవరాలు. సూరారంల ఇచ్చిండ్రు. ఆ పిల్ల కాన్పుకు అవ్వ దగ్గరికే వచ్చింది. బిడ్డ పుట్టిన ఐదోనాడు ఆమె పెనిమిటి వచ్చిండు. అవ్వ బాలింతకు పోస్తున్న చెంబు చూసి, "ఏడియి గీ నీళ్లు?" అని అడిగి, వాగుయి అనంగనే చేతులకెల్లి గుంజి వాకిట్ల పారవోసిండట. లొల్లి లొల్లి అయింది. ఆఖరికి అవ్వ అతని చెయ్యి పట్టుకొని నా గదికి గుంజుకొచ్చింది.

"సెప్పు బిడ్డా వీనికి. నీళ్లు వారవోస్తడు! వీనికన్న నువ్వు సదువుకున్నదానివి గద, సెప్పు."

అతను తలవంచుకొని నిలవడ్డడు. పాతికేండ్లు గూడ ఉండయి. రెండు చేతుల మీద తోలు పొరలు పొరలుగ లేసున్నది. "మేడం, నేను పైన కంపెనీలనే పన్జేస్తున్న. డ్రమ్ములు వాగుల ఒంపేది మేమే. ఒంపేటప్పుడు మాకే గ్లౌజులియ్యరు, సూడుండ్రి" అని చేతులు చాపిండు. "మీరు మంచియి అన్నరట. ఎట్లన్నరు?"

"అవ్వా, నా కాయితం పులుపున్నదా, సౌడున్నదా, గంతే చెప్తది. విషం సంగతి దానికి తెల్వదు" అన్న.

ఆమె సమజ్ చేసుకునేతందుకు చూసింది. పాపం, శానసేపు చూసింది. "మరి ఆ దినం మంచిగున్నయంటివి?"



అతన్ని తిడ్తదనుకున్న. నన్ను తిడ్తదనుకున్న. ఆ రెండు చెయ్యలే. గోడకు ఒరిగి కూసోని చేతివేళ్లు ముడుసుకుంట ఇండ్ల పేర్లు చెప్పుడు మొదలువెట్టింది. సాలోళ్ల కోడలు. కుమ్మరోళ్ల చిన్నబిడ్డ. హోటలాయన పెండ్లాం. ఒక చెయ్యయింది, రెండో చెయ్యయింది, మళ్ల మొదటికొచ్చింది. "ఎంతమందికి తాపిన్నే టీచరమ్మా" అన్నది. ఏడుపు గూడ కాదు, అడుగుతున్నట్టే అన్నది. ఆ పేర్లల్ల నా పేరు గూడ వస్తదేమో అని చూసిన. రాలే. మర్చిపోయిందో, కావాలని ఇడిసిందో!

మళ్లనాటి కెల్లి ఎవలకు నీళ్లు పొయ్యలే. చెలిమె మాత్రం తోడింది. ఇది నాకు మూడు దినాలకు తెలిసింది. వాగు కాడికి ఉరికిన, చెప్పులు ఒడ్డున ఇడిసి. బుర్రతోని ముంచుకొని తాగుతున్నది.

"అవ్వా! నీకేమన్న పిచ్చా? విషమంటుంటే తాగుతవేంది?"

"విషమని ఎవలన్నరు? వాడన్నడు. నువ్వు నీ కాయితానికి తెల్వదంటివి. మరి ఎవలకెరుక?" మూతి తుడుసుకున్నది. "ఆళ్లందరు తాగిండ్రు. నేను ఇంకెక్కువ తాగుత. దినాం తాగుత. నాకేం గాకుంటే ఆళ్లకేం గాదు. నాకేమన్నయితే అప్పుడు ఇంటింటికి వోయి దవాఖానకు వోండ్రి అని సెప్త."

"అట్ల తెల్వదవ్వా. నీ పానం వేరే, వాళ్ల పానం వేరే" అన్న.

"అయితే తెలిసేది ఎట్లనో నువ్వు సెప్పు."

హైదరాబాదుల ఏదన్న ల్యాబుకు సీస పంపాలె అని మా హెడ్మాస్టరు అన్నడు. సీస ఒకటి నింపి ఇచ్చిన. ఆయన బదిలీ మీద పోయిండు, సీస ఏమైందో ఎవలు చెప్పలే. నేను గూడ మళ్ల మళ్ల అడగలే. ఎందుకు అడగలేదో నన్నడగొద్దు. జవాబు వస్తే ఏం చెయ్యాలె అని భయమేమో. అనుకుంటే అదే అనిపిస్తది, మళ్ల కాదేమో అనిపిస్తది.

చెలిమవ్వ తాగుకుంటనే ఉండె. నేను ఎదురైనప్పుడల్ల చేతులు రెండు చాపి, ఇటు తిప్పి అటు తిప్పి చూపిచ్చేది. "ఏం గాలే సూడు." తోలు మంచిగనే ఉండేది. అరె, ఎంత విచిత్రం! చేతి మీది పచ్చబొట్టు గూడ చెదరలే. ఊర్ల ఒకామెకు గర్భం నిలవలే, ఇంకొకాయనకు కిడ్నీలు చెడినయన్నరు. అయి నీళ్లతోని వచ్చినయా, అన్ని ఊర్లల్ల ఉన్నట్టే వచ్చినయా, ఎవలు చెప్తరు? నా బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది, మంచిగున్నది. అయినా దానికి కడుపునొప్పి లేస్తే నేను ముందు ఏండ్లు లెక్కపెట్టుకుంట. నేను బాలింతనైన ఏడు కంపెనీలు మొదలైనయా కాలేదా అని. ఒకసారి కాలేదు అని వస్తది, ఒకసారి అయినయి అని వస్తది.

నాకు బదిలీ అయి బహదూర్‌పల్లిల ఇల్లు తీసుకున్నం. నాలుగేండ్లకు ఒకనాడు ఆ మనవరాలి పెనిమిటి వెతుక్కుంట వచ్చిండు. ఆ నౌకరి ఇడిసిపెట్టి సూరారంలనే చిన్న దుకాణం పెట్టుకున్నడట. "అవ్వకు బాగలేదు మేడం. పది దినాల కెల్లి మీ పేరే తీస్తున్నది" అన్నడు.

పోయిన. మంచంల చారెడు మనిషి ఉండె. కడుపు ఉబ్బింది, కండ్లు పచ్చగున్నయి. గాంధీ దవాఖానల చూపిచ్చిండ్రట. కాలేయం అన్నరట, వయసు గూడ డెబ్బై దాటింది అన్నరట. ఏంతోని వచ్చిందంటే డాక్టరు ఏం తాగుతది అని అడిగిండట, వీళ్లు నీళ్ల సంగతి చెప్పలే.

నన్ను చూసి మనవరాలిని, మనవరాలి పెనిమిటిని బయటికి పొమ్మన్నది. నా చెయ్యి పట్టుకున్నది. బలమేం లేదు, పట్టు మాత్రం ఉన్నది.

"టీచరమ్మా, నిజం సెప్పు. గిది నీళ్లతోనా, వయసుతోనా?"

ఆమెకు కావల్సింది ఆమె పానం సంగతి కాదు. ఆ వేళ్లు ముడిచి చెప్పిన ఇండ్ల సంగతి. నీళ్లతో అంటే లేసి ఇంటింటికి పోతనన్నది, ఇప్పుడు లేవ చాతకాదు. ఇంక అక్కడనే ఆ మంచంల ఆ పేర్లన్ని లెక్కపెట్టుకుంట పోతది. వయసుతో అంటే, మరి ఆ ఇండ్లోళ్లకు దవాఖానకు పొమ్మని ఎవలు చెప్తరు? నేను చెప్తనా? నాకు తెల్వదు అంటే అదే అసలు నిజం. తెల్వదు అన్న మాట నోటి దాక వచ్చింది.

"వయసుతోనే అవ్వా" అన్న.

ఆమె కండ్లు మూసుకున్నది. మొకం సడలింది. పడుకున్నదేమో అనుకొని చెయ్యి మెల్లగ ఇడిపిచ్చుకోవోతుంటే కండ్లు తెరిచి నా దిక్కు సక్కగ చూసింది.

"మంచిగ సెప్పినవ్ బిడ్డా" అన్నది. "ఆ దినం గూడ గిట్లనే సెప్పినవ్."